మేనమామ బలం సాయంత్రం ఆరింటికి వస్తుంది

మొన్న మా మేనకోడలి పెళ్ళిలో నేను కింద పడ్డ సంగతి మీ అందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. వీడియో తిరిగిందిగా! మన ఫిజిక్స్ మాస్టారు స్లో మోషన్‌లో పెట్టుకుని మరీ చూశారట. చూడండి, తప్పులేదు. కానీ వీడియోలో ఉన్నది సగమేనండీ. మిగతా సగం నేను చెబుతాను. టీ చల్లారిపోకుండా తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వేయండి. నాకు మాత్రం ఇంకా తలెత్తుకుని తిరగాలనిపించట్లేదు.

మా హారిక మా అక్కయ్య కూతురు. ఏలూరులోనే బ్యాంకులో ఉద్యోగం. నెమ్మదస్తురాలు. కొంచెం బొద్దుగా ఉంటుంది, అంతే. ఆ బొద్దుతనం గురించి మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఒక్క మాట అనుకోలేదు.

ఎంగేజ్‌మెంట్ రోజు భోజనాల దగ్గర పెళ్ళికొడుకు వాళ్ళ పెద్దమ్మగారు నా పక్కన కూర్చున్నారు. చాలా మర్యాదస్తురాలు. ప్రతి మాటకీ చివర 'అండీ' లేకుండా మాట్లాడరు. ఆవిడ హారిక వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "మేనమామగారూ, పెళ్ళికూతుర్ని బుట్టలో పెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మీరే కదండీ? ఇప్పట్నుంచే కాస్త నెయ్యి వేసుకుని తినండీ!" అన్నారు.

బంతిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. హారిక కూడా నవ్వింది. కానీ నవ్వుతూనే తల దించేసుకుంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నెయ్యెందుకండీ!" అన్నాను, లేచి నిలబడి. చేతిలో అప్పడం కూడా ఉంది. "మా ఇంట్లో ఇద్దరు మేనమామలం చెరోవైపూ పట్టుకుంటామండీ. ఈసారి మా తమ్ముడు కూడా అక్కర్లేదు. నా మేనకోడల్ని బుట్టతో సహా నేనొక్కణ్ణే ఎత్తుకొస్తాను!"

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి. చప్పట్లు కొట్టాక మాట వెనక్కి తీసుకోలేం కదా.

మా తమ్ముడు బుజ్జి మండవల్లిలో చేపల చెరువులు చేస్తాడు. వాడు నా పంచె అంచు పట్టుకుని లాగి, "అన్నయ్యా, ఇద్దరం పట్టుకుందాంలే, కూర్చో" అన్నాడు.

"నువ్వూరుకోరా!" అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ విజయ చెప్పులు విప్పుతూ చాలా నెమ్మదిగా అడిగింది. "ఏవండీ, గ్యాస్ సిలిండర్ వంటింట్లోకి దొర్లించుకుంటూ తెస్తారు మీరు. ఎత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఎలాగండీ మరి?"

నాకు భయమే వేయలేదు. ఎందుకంటే ముహూర్తం సాయంత్రం! మీకు తెలుసుగా, మన సీనియర్ ఇంటర్ పిల్లలకి నేను ఏటా చెప్పే ముచ్చటే. మెదడులో ఒక పెద్ద గడియారం ఉంటుంది. కండరాల్లో మళ్ళీ చిన్న చిన్న గడియారాలుంటాయి. పొద్దున్నే ఒళ్ళు చల్లగా, బిగుసుకుపోయి ఉంటుంది. రాత్రంతా తిండి లేక ఎక్కువగా కొవ్వు మీద నెట్టుకొస్తూ ఉంటుంది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది. కండరంలో దాచుకున్న చక్కెరని చటుక్కున మండించి బలం చేసే యంత్రాంగమంతా అప్పటికి సిద్ధంగా ఉంటుంది. పైగా ఏ వేళకి కసరత్తు అలవాటు చేస్తే ఆ వేళకే కండరం బాగా పనిచేస్తుంది. అంటే నేను సాయంత్రాలు ప్రాక్టీస్ చేస్తే, సాయంత్రం ముహూర్తానికి నన్ను పట్టేవాడుండడు!

ఇదంతా విజయకి అరగంట చెప్పాను. విని, "అయితే మంచిదే" అని పడుకుంది.

మర్నాడే పవర్‌పేటలో జిమ్‌లో చేరాను. కాలేజీ అయ్యాక ఇక్కడ గూడెంలో ట్రైనెక్కడం, ఏలూరులో దిగడం, తిన్నగా జిమ్‌కి పోవడం. అక్కడి కోచ్ నన్ను కిందనుంచి పైకి చూసి, "టార్గెట్ ఏంటి సార్? ఎంత బరువెత్తాలి?" అని అడిగాడు.

"పెళ్ళికూతుర్ని" అన్నాను.

అతను పుస్తకం తెరిచి పెన్ను తీశాడు. తర్వాత, "కేజీల్లో చెప్పండి సార్" అన్నాడు.

ఇదిగో, ఇక్కడే నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. అప్పుడు ఘనకార్యమని తెలియలేదు. అక్కడే నిలబడి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. 'హారికమ్మా, నీ వెయిట్ ఎంత? అర్జెంట్. ట్రైనింగ్‌కి కావాలి.'

హారిక చూసింది, జవాబివ్వలేదు. మా అక్కయ్య ఒక అంకె పెట్టింది. ఆ వెనకే బావగారు, 'పోయిన నెల లెక్క అది, ఇంకో రెండు కలుపుకో' అని పెట్టారు. మా పిన్ని దండం బొమ్మ పెట్టింది. నేను బొటనవేలు చూపించి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. పని జరిగింది కదా అని.

చెప్పకూడదు గానీ, బాగానే పుంజుకున్నానండీ! మొదట్లో ఖాళీ రాడ్డు ఎత్తితేనే కళ్ళు బైర్లు కమ్మేవి. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్ళాను. చివరికి ఒక సాయంత్రం హారిక బరువంతా ఎత్తాను. దానిమీద బుట్ట బరువు. దానిమీద పట్టుచీర, నగలు. కోచ్ వీడియో తీశాడు. గ్రూపులో పెట్టాను. 'ఇదిగో మన హారిక, నగలతో సహా!' అని కింద రాశాను కూడా. ఇప్పుడు మీకు చెబుతుంటేనే చెవులు కాలుతున్నాయి. అప్పుడు మాత్రం ఎన్ని లైకులొచ్చాయో చూసుకుంటూ పడుకున్నాను.

అంతా బాగుంది అనుకుంటుండగా అక్కయ్య ఫోన్ చేసింది. "తమ్ముడూ, వాళ్ళ పంతులుగారు జాతకాలు మళ్ళీ చూశారట. సాయంత్రం ముహూర్తం కుదరదన్నారు. పొద్దున్నకి మార్చాం. ఆరున్నరకి."

"సాయంత్రం ఆరున్నరా?"

"పొద్దున్నే అని చెబుతుంటే!"

ఫోన్ నా చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు లేవగానే పరీక్ష చేసుకున్నాను. ఇంట్లో బియ్యం బస్తా ఉంది. ముందురోజు సాయంత్రం దాన్ని భుజాన వేసుకుని హాలంతా తిరిగాను. పొద్దున్న అదే బస్తా దగ్గర వంగి పట్టుకుంటే, నేలకి మేకులు కొట్టినట్టు కదల్లేదు!

విజయ పాలు కాస్తూ చూసింది. "పొద్దున్నపూట మీరు పాల ప్యాకెట్ కూడా కత్తెర లేకుండా చింపలేరు. ఇవాళ కొత్తేముంది?"

సరే, గడియారాన్నే తిప్పేద్దామనుకున్నాను. చీకటితో లేచి కాలువగట్టున పరుగెత్తాను. ఇంకా పక్షులు కూడా లేవకముందే ఇడ్లీలు తిన్నాను. ఆ నాలుగు రోజుల్లోనే కదా, ఇదే స్టాఫ్‌రూమ్‌లో, ఈ బల్లమీదే నిద్రపోయాను! మా క్లాసు పిల్లలు అటెండెన్స్ వాళ్ళే వేసుకుని వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "ఒంట్లో బాగుంటోందా అండీ?" అని అడిగారు. దాంతో ఆ ప్రయత్నం మానేశాను. పెళ్ళిలో ఉండే ఊపులో బలం దానంతటదే వస్తుందిలే అనుకున్నాను.

బుజ్జికి ఒక్క ఫోన్ కొట్టి, 'ఒరేయ్, నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యిరా' అని ఉంటే సరిపోయేది. అనలేకపోయాను. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి మరి.

పెళ్ళి ద్వారకా తిరుమలలో. కొండకింద కళ్యాణమంటపం. తెల్లవారకముందే లేచి కాగే నీళ్ళతో స్నానం చేశాను, ఒళ్ళు వెచ్చబడాలని. అరటిపళ్ళు తిన్నాను, కండరానికి చక్కెర అందాలని. పులిహోర ఇంకా గుండిగలో ఉండగానే పెట్టించుకున్నాను. మీద రెండు కాఫీలు. అప్పటికీ ఒళ్ళు మొద్దులాగే ఉంది. వార్మప్ చేద్దామని పట్టుపంచె ఎగ్గట్టి, వంటశాల వెనక గోడపక్కకి వెళ్ళి గుంజీలు మొదలెట్టాను. కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం. ఒక వంటాయన గరిటె పట్టుకుని అటు వచ్చి, నన్ను చూసి పాపం చాలా మర్యాదగా మొహం తిప్పుకుని, "బాత్‌రూమ్ అటువైపుందండీ" అన్నాడు.

ఇక గౌరీపూజ అయింది. హారిక వచ్చి బుట్టలో కూర్చుంది. ఎర్ర అంచు తెల్లచీర, బుగ్గన చుక్క, చేతుల్లో అలంకరించిన కొబ్బరిబోండాం. ఎంత ముద్దుగా ఉందో! నన్ను చూసి నెమ్మదిగా, "మావయ్యా, బుజ్జి మావయ్యని కూడా రమ్మనండి. ప్లీజ్" అంది.

"నువ్వు గట్టిగా కూర్చో తల్లీ. నేనున్నాను" అన్నాను.

సన్నాయి ఎత్తుకుంది. గుమ్మం అవతల రెండు వైపులవాళ్ళూ దారికి అటూ ఇటూ నిలబడ్డారు. ముందు వరసలోనే పెద్దమ్మగారు. పెళ్ళికొడుకు అడ్డుతెర వెనక పీటమీద ఉన్నాడు. నేను వంగాను. బుట్ట రెండు పక్కలా కట్టించిన తాళ్ళు పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టాను. లేచింది! నిజంగా లేచిందండీ! అక్కయ్య నోటిమీద చెయ్యి వేసుకుంది. మూడు అడుగులు వేశాను. నాలుగో అడుగు వేస్తుంటే కుడికాలి పిక్క పట్టేసింది.

అలా ఇలా కాదు. ఎవరో లోపల్నుంచి తాడేసి ముడి బిగించినట్టు. మోచేతులు వణికాయి. బుట్ట కిందికి జారుతోంది. ఒక్కటే చేయగలిగాను. బుట్టని పడెయ్యకుండా దానితోపాటు నేనే కిందికి పోయాను. బుట్ట నేలని తాకి ధబ్బుమంది. నేను వెనక్కి కూలబడ్డాను. పంచె నిలబడింది, నేనే నిలబడలేదు. హారిక చేతిలో కొబ్బరిబోండాం ఎగిరి కిందపడి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెళ్ళి అడ్డుతెర కిందనుంచి పెళ్ళికొడుకు దగ్గరికి చేరింది.

తెర వెనకనుంచి ఆ అబ్బాయి గొంతు. "అమ్మాయేదండీ?"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు తగ్గుతుండగా పెద్దమ్మగారు ఎంతో జాలిగా, "అయ్యో, ఆయన మాత్రం ఏం చేస్తారండీ? పిల్ల కాస్త ఒళ్ళున్న పిల్ల కదండీ" అన్నారు.

హారిక బుట్టలో తల దించుకుంది. ఎంగేజ్‌మెంట్‌లో దించుకున్నట్టే. ఈసారి నవ్వడం లేదు.

నాకు కాలినొప్పి తెలియలేదు. "కాదండీ!" అని అరిచాను, నేలమీద కూర్చునే. "బరువు పిల్లది కాదండీ! తప్పు టైముదండీ! సాయంత్రమైతే ఎత్తేవాణ్ణండీ!" సన్నాయివాళ్ళు నా అరుపుకి దడుచుకుని ఆపేశారు. దాంతో నా గొంతొక్కటే హాలంతా వినిపిస్తోంది. నాకు ఆపడం చేతకాలేదు. మెదడులో గడియారం అన్నాను. కండరంలో గడియారం అన్నాను. గ్లైకోజెన్ అన్నాను. ఒక చేత్తో పిక్క పట్టుకుని, రెండో చేత్తో గాల్లో బొమ్మలు వేస్తూ, పొద్దున్న చక్కెర ఎలా మండుతుందో, సాయంత్రం ఎలా మండుతుందో పట్టుబట్టల్లో ఉన్న జనానికి పాఠం చెబుతున్నాను! పైగా అలవాటు కొద్దీ, "అర్థమైందా?" అని కూడా అడిగాను.

పంతులుగారు వచ్చి నా భుజంమీద చెయ్యి వేశారు. "అర్థమైంది నాయనా. ముహూర్తం దాటిపోతోంది."

బుజ్జి పరుగెత్తుకొచ్చాడు. ఒకవైపు వాడు, రెండో వైపు మా పిన్ని కొడుకు పట్టుకున్నారు. బుట్ట పూలబుట్టలాగా లేచింది. నేను లేచి గోడవైపు కుంటుతుంటే హారిక వెనక్కి తిరిగి, "మావయ్యా, మీరూ రండి. ఊరికే చెయ్యి వేసి ఉంచండి, చాలు" అంది. బుట్ట అంచుమీద చెయ్యి పెట్టుకుని కుంటుకుంటూ నడిచాను. వీడియోలో చూస్తే వాళ్ళిద్దరూ పెళ్ళికూతురితో పాటు నన్ను కూడా లాక్కుపోతున్నట్టే ఉంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హారిక ఒక్కత్తీ గదిలో ఉందని తెలిసి వెళ్ళాను. గాజులు సర్దుకుంటోంది.

"తల్లీ, అందరిముందూ నీ పరువు తీశాను. ఆవిడ అలా అనడానికి నేనే కారణమయ్యాను."

"ఆవిడ మాటకేముంది మావయ్యా. ఎంగేజ్‌మెంట్ రోజు ఆవిడ ఒక్కత్తే అంది. ఆ సాయంత్రానికే నేను మర్చిపోయాను." గాజులమీంచి చూపు తిప్పకుండా చెబుతోంది. "ఆ తర్వాత మీరే కదా గ్రూపులో నా బరువు అడిగింది. నాన్న రెండు కలిపారు. అప్పట్నుంచి ఎవరింటికెళ్ళినా అదే మాట. మీ మావయ్య ఎంతదాకా ఎత్తాడు, నువ్వు ఎంత తగ్గావు అని. ఇనపరాడ్డు చూపించి ఇదే హారిక అన్నారు. మా బ్యాంకులో కూడా చూశారు మావయ్యా, ఆ వీడియో."

పొద్దున్న అంతమంది ముందు పడినప్పుడు కూడా అంత సిగ్గు వేయలేదండీ. ఆ పిల్ల పరువు కాపాడతానని బయల్దేరి, ఊరందరికీ దాని బరువు పంచిపెట్టింది నేనే! పెద్దమ్మగారు ఒక్క మాట అని ఊరుకున్నారు. నేను మూడు నెలలు జిమ్‌కెళ్ళి మరీ అన్నాను.

"తప్పైపోయింది తల్లీ" అన్నాను. ఫోన్ తీసి ఆ మెసేజూ, ఆ వీడియో చెరిపేద్దామని చూస్తే నా వేళ్ళకి ఆ బటన్ దొరకలేదు. హారికే ఫోన్ తీసుకుని నొక్కిపెట్టింది. "అందరి ఫోన్లలోంచీ ఇక పోదు, పాతదైపోయింది. మీ ఫోన్లో మాత్రం పోయింది, చాలా?" అని కొంచెం నవ్వింది.

సాయంత్రం అప్పగింతలు. కారు బయట సిద్ధంగా ఉంది. అందరూ అక్కడే ఉన్నారు. నేను పిక్కకి మందు రాసుకుని లోపల గదిలో కూర్చున్నాను, ఎవరి మొహం చూడలేక. హారిక నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వంగి కాళ్ళకి దండం పెట్టి, లేచి, "వెళ్ళొస్తాను మావయ్యా" అంటూ భుజంమీద తల పెట్టి ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. చిన్నప్పుడు స్కూలు నుంచి ఏడుస్తూ వస్తే ఎలా దగ్గరికి తీసుకునేవాణ్ణో అలాగే గట్టిగా పట్టుకున్నాను. ఏమైందో నాకే తెలియదు. చూస్తే దాని కాళ్ళు నేలమీద లేవు!

"మావయ్యా! ఎత్తేశారు! దించండి, చీర జారిపోతుంది!" అని ఏడుపులోంచే పకపకా నవ్వింది.

గోడగడియారం చూశాను. ఆరు కావస్తోంది.

దించాను. దించిన మరుక్షణం, సిగ్గులేని మనిషిని కదా, గుమ్మంవైపు రెండు అడుగులు వేశాను. నోరు తెరిచాను కూడా. హారిక నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకండి మావయ్యా. మళ్ళీ నా బరువు మొదలవుతుంది."

"ఒట్టు. ఎవరికీ చెప్పను."

చెప్పలేదు కూడా. కారు దాకా వెళ్ళి పెళ్ళికొడుకు చేతిలో దాని చెయ్యి పెట్టేటప్పుడు చెప్పలేదు. పెద్దమ్మగారు వచ్చి, "కాలెలా ఉందండీ?" అంటే, పళ్ళు బిగబట్టి, "పర్లేదండీ" అన్నాను తప్ప చెప్పలేదు. కారు కదిలింది. చెయ్యి ఊపాను.

మేం బుజ్జి కారులో ఏలూరు బయల్దేరాం. ముందు సీట్లో నేను, వెనక విజయ. కళ్ళు మూసుకుని ఉంది. భీమడోలు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. హైవే ఎక్కాం. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. నీళ్ళు తాగాను. పోలేదు.

"ఒరేయ్ బుజ్జీ, నీ ఒక్కడికే చెబుతున్నాను. ఎవరితోనూ అనకు. ఇందాక హారికని ఎత్తాన్రా. గదిలో. నేనొక్కణ్ణే. పూర్తిగా!"

బుజ్జి రోడ్డుమీంచి చూపు తిప్పలేదు. "సరే అన్నయ్యా. ఎత్తావు. ఆ సీటు వెనక్కి జరిపి కాలు చాపుకో."

"నిజంరా!"

"నిజమే బుజ్జీ" అంది వెనకనుంచి విజయ, కళ్ళు తెరవకుండానే. "హారిక కారెక్కేముందు నాతో చెప్పింది. మీ మావయ్య ఏలూరు దాకా ఆగుతారులే అన్నాను నేను. గుండుగొలను కూడా దాటరు అత్తయ్యా, అంది అది."

తలెత్తి చూశాను. రోడ్డుపక్కన గుండుగొలను బోర్డు అప్పుడే వస్తోంది.

కండరాలన్నిటికీ వేళాపాళా ఉంటుందని ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. నాలుక కూడా కండరమేనండీ. నా నాలుకకి మాత్రం పొద్దున్నా లేదు, సాయంత్రమూ లేదు. లేకపోతే ఒట్టేసిన సంగతి ఇదిగో ఇలా స్టాఫ్‌రూమ్ అందరికీ చెబుతానా?